ముల్లుది కొలత, అంకెది జోస్యం

మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు ప్రకటించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. ట్యాంకులో 45 లీటర్లు పడుతుంది. రెండూ గుణిస్తే 1,258 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో ఒకసారి నింపుకుంటే తిరుపతి వెళ్లి మళ్లీ హైదరాబాద్ వచ్చేయగల దూరం. కానీ బంకులో ట్యాంకు నిండా కొట్టించుకుని బండి స్టార్ట్ చేసిన మనిషికి డ్యాష్‌బోర్డు మీద 1,258 కనబడదు. 930 కనబడొచ్చు, 810 కనబడొచ్చు. అదే కారు, అదే ట్యాంకు, పోయిన నెల ఒక అంకె, ఈ నెల ఇంకో అంకె. పోనీ, వంద కిలోమీటర్లు నడిపాక ఆ అంకె సరిగ్గా వంద తగ్గుతుందా అంటే అదీ లేదు. ఒకరోజు అరవై తగ్గి ఊరుకుంటుంది, ఇంకోరోజు నూట నలభై తగ్గుతుంది.

ఇది చూసి చాలామంది మీటరు పాడైందనుకుంటారు, సర్వీసు సెంటరుకు వెళ్లి అడుగుతారు. మీటరు పాడవలేదు. ఆ అంకెను చూపించేది అసలు మీటరే కాదు. ట్యాంకులో పెట్రోలు ఎంతవరకు ఉందో ముల్లు గానీ గీతలు గానీ చూపిస్తాయే, అది కొలత. మంచిదో చెడ్డదో, కళ్లముందున్న వస్తువును కొలవడం. దాని పక్కన కనిపించే 'ఇంకా ఇన్ని కిలోమీటర్లు' అన్నది ఇంకా జరగని ప్రయాణం గురించిన మాట. జరగనిదాన్ని ఎవరూ కొలవలేరు. కారులోని కంప్యూటరు ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో ఒక అంచనా కడుతుంది, లీటరుకు ఎంత వస్తుందో ఇంకో అంచనా కడుతుంది, రెండూ గుణించి తెర మీద పెడుతుంది. రెండు అంచనాల్లోని తప్పులూ ఆ గుణకారంలో కలిసిపోతాయి.

ఈ సౌకర్యం కొత్తదేమీ కాదు. అమెరికాలో లింకన్ కాంటినెంటల్ మార్క్ 5 కారుకు 1978లోనే, ట్యాంకు ఖాళీ అయ్యేలోపు ఎన్ని మైళ్లు వెళ్లొచ్చో అంకెల్లో చూపే పరికరాన్ని అదనపు డబ్బుకు అమర్చి ఇచ్చేవారు. అప్పటికీ ఇప్పటికీ లెక్క అదే: ఉన్న లీటర్లు, ఇటీవలి మైలేజీ, వాటి లబ్ధం. పెట్రోలు కార్లలో ఆ లెక్క ఏదో నెట్టుకొచ్చింది. పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉండే హైబ్రిడ్‌లు వచ్చాక అంత బాగా సాగడం లేదు. ఎందుకన్నది చూద్దాం.

ట్యాంకులో ఎంతుంది?

మొదటి అంచనా తేలిక అనిపిస్తుంది. ట్యాంకు లోపల సన్నటి కడ్డీ చివర ఫ్లోట్ అనే తేలే ముక్క ఉంటుంది. పెట్రోలు మట్టం తగ్గితే అది దిగుతుంది, కడ్డీ రెండో చివర విద్యుత్ నిరోధం మారుతుంది, కంప్యూటరు దాన్ని చదువుకుంటుంది. అయితే కారు ట్యాంకు చక్కటి పెట్టె ఆకారంలో ఉండదు. వెనుక సీటు కింద, సైలెన్సరు గొట్టానికి దారి ఇస్తూ, ఇరుసుకు చోటు వదులుతూ వంకరటింకరగా మలుస్తారు. ఒక సెంటీమీటరు మట్టం తగ్గితే పైభాగంలో రెండు లీటర్లు పోయినట్టు కావచ్చు, అడుగున ముప్పావు లీటరే కావచ్చు. ఆ ఆకారానికి సరిపడా పట్టికను ఫ్యాక్టరీలోనే కంప్యూటరుకు ఎక్కిస్తారు. రోడ్డు వాలుగా ఉంటే, మలుపులో పెట్రోలు ఒక పక్కకు ఒరిగితే, గతుకుల్లో ఎగిసిపడితే ఫ్లోట్ ఆడుతుంది. అందుకని కంప్యూటరు ఏ క్షణం రీడింగునూ నమ్మదు, చాలాసేపటి సగటు తీసుకుంటుంది. ముల్లు నిదానంగా కదిలేది అందుకే.

హైబ్రిడ్ చరిత్రలో ఈ మొదటి అంచనాయే దారి తప్పిన ఉదంతాలు రెండున్నాయి. రెండూ టొయోటావే. టొయోటా అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ హైబ్రిడ్‌లు అమ్మింది కాబట్టి ఈ పాఠాలూ ముందుగా దానికే ఎదురయ్యాయి.

మొదటి ఉదంతం ప్రియస్‌ది. ఆ కారు 1997 డిసెంబరులో జపాన్‌లో వచ్చింది. దాని రెండో తరం కారును ఉత్తర అమెరికాలో 2004 నుంచి 2009 మోడళ్లుగా అమ్మారు. అక్కడ పెట్రోలు ఆవిరి గాల్లో కలవకూడదన్న నిబంధనలు కఠినం. ట్యాంకు సగం ఖాళీ అయితే ఆ ఖాళీలో ఆవిరి నిండుతుంది. ఆ ఖాళీయే లేకుండా చేస్తే ఆవిరే పుట్టదు కదా అని ఇంజనీర్లు ఆలోచించారు. లోహపు ట్యాంకు లోపల మెత్తటి సంచి పెట్టారు. పెట్రోలు పోస్తే ఆ సంచి ఉబ్బుతుంది, వాడేకొద్దీ ముడుచుకుంటుంది. ఆలోచన గొప్పది. కానీ చలికాలంలో ఆ సంచి బిరుసెక్కి పూర్తిగా సాగేది కాదు. కాగితం మీద 45 లీటర్ల ట్యాంకు, గడ్డకట్టే చలిలో అంతకు ఎన్నో లీటర్లు తక్కువే తీసుకునేది. ఎండాకాలం, చలికాలం 'నిండా' అన్న మాటకు అర్థమే వేరు. తెర మీద పెట్రోలును చూపే పది గీతల్లో ఒక్కో గీతకు ఇన్ని లీటర్లని ఎవరూ ఖాయంగా చెప్పలేకపోయారు. జపాన్, ఐరోపా ప్రియస్‌లలో ఆ సంచి లేదు. మూడో తరానికి వచ్చేసరికి అమెరికా కార్లలోనూ తీసేశారు.

రెండో ఉదంతం 2019లో వచ్చిన ఆర్‌ఏవీ4 హైబ్రిడ్‌ది. ట్యాంకు సామర్థ్యం 14.5 గ్యాలన్లు, అంటే మన లెక్కలో దాదాపు 55 లీటర్లు. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం గ్యాలనుకు 40 మైళ్లు. నిండు ట్యాంకుతో 580 మైళ్లు, అంటే 930 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. కొన్నవాళ్లలో చాలామందికి అంత రాలేదు. ముల్లు ఖాళీ దగ్గరికి వచ్చాక బంకుకు వెళ్తే, నాజిల్ ఎన్నో లీటర్ల ముందే టక్కుమని ఆగిపోయేది. మైలేజీ బాగానే ఉంది, పెట్రోలే పూర్తిగా పట్టడం లేదు. ట్యాంకు ఆకారంలోని తేడాల వల్ల ఒక్కోసారి పూర్తిగా నిండకపోవచ్చని, ఆ తేడా కొన్ని గ్యాలన్లు ఉండొచ్చని కంపెనీ ఒప్పుకుంది. 2020లో కోర్టుల్లో దావాలు పడ్డాయి. చివరికి ట్యాంకును, దానికి సంబంధించిన భాగాలను ఉచితంగా మార్చే కార్యక్రమం చేపట్టారు. లీటరుకు ఎంత వస్తుందన్న దాని మీదే అందరి చూపూ ఉన్నప్పుడు, ట్యాంకు నిండుతోందా అన్న మామూలు ప్రశ్నను ఎవరూ అడగలేదు. నాకు ఈ ఉదంతంలో ముఖ్యంగా తోచేది అదే.

బంకు నాజిల్ గురించి కూడా ఒక మాట. దాని కొనలో చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు గానీ నురగ గానీ పైకొచ్చి ఆ రంధ్రాన్ని మూస్తే లోపలి గాలి పీడనం మారి నాజిల్ మూసుకుంటుంది. మనం 'ఆటోకట్' అనేది దీన్నే. బంకు నేల కాస్త వాలుగా ఉన్నా, పెట్రోలు వడిగా వదిలినా ముందే కట్ అవుతుంది. ఒక బంకులో నిండా అన్నది ఇంకో బంకులో నిండుకు లీటరు తక్కువ కావచ్చు. ఐదు వందల రూపాయల పెట్రోలు పోయించుకునే అలవాటున్నవారికి ఇంకో చిక్కు ఉంది. హైదరాబాద్ ధరల్లో అది ఐదు లీటర్లు కూడా రాదు. కొద్దిగా పోసినప్పుడు తెర మీది దూరం మారకపోవచ్చని కార్ల మాన్యువళ్లలోనే రాసి ఉంటుంది. గతుకుల్లో ఫ్లోట్ ఎగిరినా, నిజంగా పెట్రోలు పోసినా కంప్యూటరుకు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, మట్టం ఒక హద్దు దాటి పెరిగితేనే అది నమ్ముతుంది.

పొదుపైన బండికే పెద్ద ఊగిసలాట

ఇప్పుడు రెండో అంచనాకు వద్దాం. అసలు కథంతా ఇక్కడే ఉంది.

మనం మైలేజీని లీటరుకు ఇన్ని కిలోమీటర్లని చెప్పుకుంటాం. ఐరోపాలో తిరగేసి, వంద కిలోమీటర్లకు ఇన్ని లీటర్లంటారు. విషయం ఒకటేగా అనిపిస్తుంది. కానీ దూరం అంచనా ఎందుకు ఊగుతుందో ఆ రెండో పద్ధతిలో చూస్తేనే తెలుస్తుంది. లీటరుకు 10 కిలోమీటర్లిచ్చే పాత పెద్ద కారు ఒకటి తీసుకోండి. అది వంద కిలోమీటర్లకు 10 లీటర్లు తాగుతుంది. పక్కన లీటరుకు 25 ఇచ్చే హైబ్రిడ్. అది వందకు 4 లీటర్లే తాగుతుంది. రెండింటిలోనూ 45 లీటర్లు పోద్దాం. పాత కారు 450 కిలోమీటర్లు వెళ్తుంది, హైబ్రిడ్ 1,125.

ఎదురుగాలి, ఏసీ, డిక్కీలో సామాను, ఏదో ఒక కారణంగా రెండింటి మీదా ఒకే అదనపు భారం పడిందనుకుందాం. వంద కిలోమీటర్లకు ఒక లీటరు ఎక్కువ. పాత కారు 10 నుంచి 11 లీటర్లకు వెళ్లింది. దాని దూరం 450 నుంచి 409కి తగ్గింది. నలభై ఒక్క కిలోమీటర్లు పోతే డ్రైవరు పట్టించుకోడు కూడా. హైబ్రిడ్ 4 నుంచి 5 లీటర్లకు వెళ్లింది. దాని దూరం 1,125 నుంచి 900కి పడిపోయింది. ఏకంగా 225 కిలోమీటర్లు! రెండు కార్లలోనూ అదనంగా ఖర్చయింది అదే ఒక్క లీటరు.

ఈ లెక్కలో బ్యాటరీ లేదు, మోటారు లేదు, ఏ సాంకేతికతా లేదు. వట్టి భాగహారం. తక్కువ తాగే ఏ బండికైనా ఇది తప్పదు. భాగించే సంఖ్య చిన్నదయ్యేకొద్దీ దానిలో వచ్చే చిన్న మార్పు కూడా ఫలితాన్ని పెద్దగా కదిలిస్తుంది. హైబ్రిడ్ అంచనా అంతగా ఊగడానికి సగం కారణం ఆ కారు పొదుపుగా ఉండటమే. షోరూముల్లో ఈ ఒక్క సంగతి ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెబితే సర్వీసు సెంటర్లకు వెళ్లే ఫిర్యాదులు ఎన్నో తగ్గుతాయని నా నమ్మకం.

బ్యాటరీ తీసుకునే చేబదులు

మిగిలిన సగం కారణం బ్యాటరీలో ఉంది. ఛార్జింగ్ వైరు పెట్టని మామూలు హైబ్రిడ్‌లో ప్రతి యూనిట్ శక్తీ చివరికి పెట్రోలు నుంచి రావలసిందే. బ్యాటరీ సొంతంగా ఏమీ సంపాదించదు. ఇంజిన్ దగ్గర, బ్రేకు వేసినప్పుడు కారు వేగం దగ్గర చేబదులు పుచ్చుకుంటుంది, కాసేపటికి తీర్చేస్తుంది. పాత ప్రియస్‌లో దాని నిల్వను సుమారు 40 శాతానికీ 80 శాతానికీ మధ్యే ఉంచేవారు, అలా ఉంచితేనే బ్యాటరీ పదేళ్లపైన మన్నుతుంది.

ఈ చేబదులు ఎంత? గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్. కరెంటు బిల్లులోని యూనిట్‌కు ముప్పాతిక వంతు. అందులో వాడుకోనిచ్చేది సగమే అనుకుంటే 0.4 యూనిట్. ఒక లీటరు పెట్రోల్లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. మంచి హైబ్రిడ్ ఇంజిన్ నిత్యపు నడకలో అందులో మూడో వంతును, అంటే 3 యూనిట్లను పనికి మారుస్తుందనుకోవచ్చు. ఆ లెక్కన బ్యాటరీలో ఆడే సొమ్ము 130 మిల్లీలీటర్ల పెట్రోలుకు సమానం. నిండు ట్యాంకు ముందు అది ఏపాటిది? మూడు, మూడున్నర కిలోమీటర్ల దూరం.

కానీ కంప్యూటరు నిండు ట్యాంకును చూసి మైలేజీ కట్టదు. గడచిన కొద్ది దూరాన్ని చూసి కడుతుంది. ఐదు కిలోమీటర్ల ముక్క తీసుకోండి. లీటరుకు 25 చొప్పున అందులో నిజంగా ఖర్చవ్వాల్సింది 200 మిల్లీలీటర్లు. ఆ ఐదు కిలోమీటర్లూ బ్యాటరీ తన నిల్వను ఖర్చు పెడితే ఇంజిన్ తాగేది 70 మిల్లీలీటర్లే. మైలేజీ లీటరుకు 71 అని కనబడుతుంది. తర్వాతి ఐదు కిలోమీటర్లలో ఆ బాకీ తీర్చాలి కాబట్టి ఇంజిన్ 330 మిల్లీలీటర్లు తాగుతుంది, మైలేజీ 15. రోడ్డు మారలేదు, డ్రైవరు కాలు మారలేదు. 71 అబద్ధం, 15 కూడా అబద్ధమే. రెండూ కలిసిన 25 ఒక్కటే నిజం.

అందుకని కంప్యూటరుకు ఎంత వెనక్కి చూడాలన్నది పెద్ద సమస్య. సాధారణంగా పాత సగటుకు ఎక్కువ బరువిచ్చి, కొత్త రీడింగును కొద్దికొద్దిగా కలుపుతారు. పాత సగటుకు తొమ్మిది వంతులు, కొత్తదానికి ఒక వంతు అన్నట్టుగా. ఇందులో పాతదాని బరువు పెంచితే తెర నిలకడగా ఉంటుంది, కానీ మీరు సిటీ దాటి హైవే ఎక్కాక చాలా దూరం దాకా సిటీ మైలేజీనే పట్టుకు వేలాడుతుంది. కొత్తదాని బరువు పెంచితే రోడ్డుకు తగ్గట్టు వెంటనే మారుతుంది, బ్యాటరీ చేబదుళ్లకు కూడా అలాగే ఎగిరెగిరి పడుతుంది. ఏ కంపెనీ ఏ పాళ్లు కలుపుతుందో బయటికి చెప్పదు. రెండు కంపెనీల కార్లలో దూరం అంచనా వేర్వేరుగా ప్రవర్తించడానికి పెద్ద కారణం ఈ పాళ్లే.

ఏడుకొండల మీద

ఈ లెక్కలన్నీ ఒక్కచోట చూడాలంటే తిరుమల ఘాట్ రోడ్డు కంటే మంచి ప్రయోగశాల నాకు తెలియదు. తిరుపతి నుంచి సుమారు 18 కిలోమీటర్లు, దాదాపు 700 మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి 1,500 కిలోల కారును అంత ఎత్తుకు చేర్చాలంటే, టైర్ల రాపిడినీ గాలినీ పక్కన పెట్టినా, 2.9 యూనిట్ల శక్తి కావాలి. అంటే దాదాపు లీటరు పెట్రోలు ఎత్తుకే పోతుంది. మామూలు నడకకు ఇంకో 0.7 లీటరు. మొత్తం 1.7 లీటర్లతో 18 కిలోమీటర్లు. లీటరుకు పదకొండు లోపే. కొండ కింద 25 చూపిస్తున్న కంప్యూటరు ఈ పదకొండును సగటులో కలుపుకుంటూ పోతుంది. పైకి చేరేసరికి తెర మీది దూరం, నడిచిన 18 కిలోమీటర్లకు ఎన్నో రెట్లు తగ్గిపోయి ఉంటుంది.

దర్శనం చేసుకుని దిగేటప్పుడు పెట్రోలు ఇంచుమించు ఖర్చే కాదు. పైకి ఎక్కించిన 2.9 యూనిట్లలో ఒక యూనిట్‌ను టైర్లు, గాలి తినేస్తాయి. దాదాపు 1.9 యూనిట్లు తిరిగి దొరకాలి. కానీ బ్యాటరీలో ఉన్న చోటు మహా అయితే అర యూనిట్. మొదటి కొన్ని మలుపుల్లోనే అది నిండిపోతుంది. ఆ తర్వాత కారు ఇంజిన్‌ను పెట్రోలు లేకుండా ఊరికే తిప్పి వేగాన్ని అదుపు చేస్తుంది, మిగిలింది బ్రేకుల్లో వేడిగా పోతుంది. ఎక్కేటప్పుడు పెట్టిన ఖర్చంతా దిగేటప్పుడు వెనక్కి రాదు. కాబట్టి ఎక్కుతున్నప్పుడు తెర మరీ భయపెడుతుంది. దిగేసరికి మైలేజీ 99.9 దగ్గర నిలబడి, దూరం పెరిగి, మరీ ఆశపెడుతుంది. కంప్యూటరుకు ముందు కొండ ఉందని తెలియదు, కొండ అయిపోయిందనీ తెలియదు. అది వెనక్కి మాత్రమే చూడగలదు.

ఏసీకి గంటల లెక్క, చక్రాలకు కిలోమీటర్ల లెక్క

మన ఎండలకు సంబంధించిన సంగతి ఇది, ఐరోపా పుస్తకాల్లో దీనికి ఇంత చోటు దొరకదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ సగటున ఒకటిన్నర కిలోవాట్ లాగుతుందనుకుందాం. హైబ్రిడ్‌లలో ఏసీ కంప్రెసరు కరెంటుతో నడుస్తుంది. ఇంజిన్ ఆగినా చల్లదనం ఆగదు. ఆ కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది, బ్యాటరీ తగ్గితే సిగ్నల్ దగ్గర నిలబడి ఉండగానే ఇంజిన్ లేస్తుంది. గంటకు ఒకటిన్నర యూనిట్ అంటే అర లీటరు పెట్రోలు. హైవే మీద గంటకు 80 వెళ్తుంటే ఆ అర లీటరు 80 కిలోమీటర్ల మీద సర్దుకుంటుంది, వందకు 0.6 లీటరు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో గంటకు 20 పోతుంటే అదే అర లీటరు 20 కిలోమీటర్ల మీదే పడుతుంది, వందకు 2.5 లీటర్లు. నాలుగు లీటర్ల కారు ఆరున్నర లీటర్ల కారవుతుంది. సిటీలో హైబ్రిడ్ ఎక్కువ మైలేజీ ఇస్తుందన్న మాట నిజమే, కానీ ఏసీ వేసిన సిటీ, వేయని సిటీ ఒకటి కావు. డిసెంబరులో 24 ఇచ్చిన కారు మేలో 18 ఇస్తే ఇంజిన్‌ను అనుమానించనక్కరలేదు.

హైవే మీద లెక్క వేరు. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి 80 నుంచి 110కి వెళ్తే అది దాదాపు 1.9 రెట్లవుతుంది. అక్కడ బ్రేకులు వేసే పనే తక్కువ, తిరిగి సంపాదించేదేమీ లేదు. పెట్రోల్లో ఇథనాల్ కలపడం ఇంకో సంగతి. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోల్లో ఉన్నదానికి మూడింట రెండు వంతులే. 20 శాతం కలిపితే (దీన్నే ఈ20 అంటారు) లీటరులో ఉండే శక్తి శుద్ధ పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021 నివేదిక, ఈ20కి తగ్గట్టు సర్దిన కార్లలో మైలేజీ 1–2 శాతమే తగ్గుతుందని, పాత పద్ధతి కార్లలో 6–7 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. ట్యాంకులో ఏ పాళ్ల పెట్రోలు పడిందో మామూలుగా దూరం లెక్కకు తెలియదు, కాలాక తెలుసుకుంటుంది. టైర్లు అరిగితే చుట్టుకొలత తగ్గి కిలోమీటర్ల లెక్క కూడా ఒకటి రెండు శాతం ఎక్కువ చూపిస్తుంది.

27.97 ఎక్కడిది?

మన దేశంలో మైలేజీ పరీక్ష పూర్తిగా లోపలే జరుగుతుంది. కారు కదలదు, చక్రాల కింద రోలర్లు తిరుగుతాయి. సుమారు 20 నిమిషాలు, నిర్ణయించిన వేగాలు, ఎక్కువ భాగం సిటీ నడక, అత్యధిక వేగం గంటకు 90, ఏసీ ఆపి ఉంటుంది. ఆగడం, కదలడం ఎక్కువ కాబట్టి హైబ్రిడ్‌కు అనుకూలమైన పరీక్ష ఇది. 27.97 అన్నది కల్పన కాదు, ఆ 20 నిమిషాలకు అది నిజం. రోడ్డుకు దాన్ని అంటగట్టడంలోనే తప్పు.

పరీక్ష మారితే అంకె ఎంత మారుతుందో ప్రియస్‌తోనే తెలుస్తుంది. అమెరికాలో పాత పద్ధతిలో దాని మైలేజీ గ్యాలనుకు 55 మైళ్లు. 2008 మోడళ్ల నుంచి ఎక్కువ వేగం, ఏసీ, చలి కూడా లెక్కలోకి తెచ్చారు. అదే కారు 46కు దిగింది. ఒక్క స్క్రూ కూడా మార్చలేదు. 2013లో ఫోర్డ్ సీ–మ్యాక్స్ హైబ్రిడ్ వంతు వచ్చింది. దానికి 47 మైళ్లని ప్రకటించారు. ఆ అంకె నిజానికి ఫ్యూజన్ హైబ్రిడ్ మీద చేసిన పరీక్షది. ఇంజిన్, గేర్లు, బరువు తరగతి ఒకటైతే ఒక కారు ఫలితాన్ని ఇంకో కారుకు వాడుకోవడానికి నిబంధనలు ఒప్పుకునేవి. కానీ సీ–మ్యాక్స్ ఎత్తైన కారు, గాలి ఎక్కువగా అడ్డుకుంటుంది. ఫోర్డ్ అంకెను 43కు దించి, కొన్నవారికి 550 డాలర్ల చొప్పున చెల్లించింది.

ఐరోపా సమాఖ్య చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చుతుంది. 2021 నుంచి కొత్త కార్లన్నీ తాము నిజంగా తాగిన ఇంధనాన్ని తామే నమోదు చేసుకోవాలి, అందులో తప్పు 5 శాతం మించకూడదు. ఆ సమాచారంతో యూరోపియన్ కమిషన్ 2024లో నివేదిక ఇచ్చింది. పెట్రోలు, డీజిల్ కార్లు పరీక్షలో చూపినదానికంటే రోడ్డు మీద దాదాపు 20 శాతం ఎక్కువ తాగుతున్నాయి. ఛార్జింగ్ పెట్టుకునే ప్లగిన్ హైబ్రిడ్‌ల ఉద్గారాలైతే ప్రకటించినదానికి సగటున మూడున్నర రెట్లు! జనం వాటికి అనుకున్నంతగా ఛార్జింగ్ పెట్టడం లేదు. మన దగ్గరా ఈ నమోదు తప్పనిసరి చేయాలి. కారులో ఆ లెక్క ఎలాగూ జరుగుతూనే ఉంది, దాన్ని భద్రపరచి బయటపెట్టడమే మిగిలింది.

జరిగిపోయిన ప్రయాణాన్ని కొలవడంలో కార్లు నిజానికి గట్టివే. ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకుందో లెక్కపెట్టి ఎంత పెట్రోలు వెళ్లిందో కడతాయి. అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ పరీక్షించినప్పుడు తెర చూపిన మైలేజీకి, అసలు మైలేజీకి మధ్య సగటు తేడా 2.3 శాతమే వచ్చింది. ఒక్కో కారుగా చూస్తే ఎక్కువలో ఎక్కువ 6.4 శాతం. గతం గురించి ఇంత బాగా తెలిసిన యంత్రం భవిష్యత్తు గురించి తడబడుతోంది.

సున్నా తర్వాత

తెర సున్నా చూపినా ట్యాంకులో కొన్ని లీటర్లుంటాయి. ఇది పొరపాటు కాదు, కావాలని పెట్టినది. అంచనా ఎక్కువ చెప్పి తప్పితే మనిషి రోడ్డు మీద నిలబడతాడు. తక్కువ చెప్పి తప్పితే కాస్త ముందుగా బంకుకు వెళ్తాడు. రెండు తప్పులకు మూల్యం ఒకటి కాదు కాబట్టి ఇంజనీర్లు రెండోవైపే మొగ్గుతారు. వాళ్లు చేసేది సరైనదే. ఇబ్బందల్లా, ఎన్ని లీటర్లు దాచారో చెప్పకపోవడం. నాలుగుసార్లు సున్నా తర్వాత కూడా నడిచిన కారును చూసిన డ్రైవరు ఐదోసారి ఆ ధీమాతోనే వెళ్తాడు.

హైబ్రిడ్‌లో ఆ ధీమా ప్రమాదం. పెట్రోలు అయిపోయినా కారు బ్యాటరీ మీద కాస్త దూరం పాకుతుంది. అది వరంలా కనిపిస్తుంది. కానీ టొయోటా తరహా హైబ్రిడ్‌లో ఇంజిన్‌ను తిప్పి లేపేది కూడా ఆ పెద్ద బ్యాటరీయే, విడిగా స్టార్టరు ఉండదు. దాన్ని అడుగంటా వాడేస్తే, తర్వాత డబ్బాతో పెట్రోలు తెచ్చి పోసినా ఇంజిన్ లేవదు. 12 వోల్టుల చిన్న బ్యాటరీకి ఇంకో కారు నుంచి వైర్లు తగిలించినా లాభం ఉండదు. బండిని సర్వీసు సెంటరుకు మోసుకుపోవాలి. అందుకని పెట్రోలు అయిపోయిందన్న హెచ్చరిక వస్తే, బ్యాటరీ ఎంత దూరం లాగుతుందో చూద్దామనుకోకుండా అక్కడే పక్కకు ఆపడం మంచిది.

నన్నడిగితే తెర మీద ఒకే అంకె ఉండకూడదు. '620 నుంచి 780' అని రెండు అంచులు చూపాలి. మామూలు పెట్రోలు కారుకైతే ఆ రెండు అంచులూ దగ్గరగా ఉంటాయి, హైబ్రిడ్‌కు దూరంగా ఉంటాయి. ఆ ఎడం కూడా డ్రైవరుకు పనికొచ్చే సమాచారమే. ముందున్న దారి తెలిసే సదుపాయం కూడా వచ్చేసింది. నావిగేషన్ చూసి, ముందు పెద్ద దిగుడు ఉందని తెలిస్తే బ్యాటరీని ముందుగానే ఖాళీ చేసి చోటు సిద్ధం చేసుకునే హైబ్రిడ్‌లు విదేశాల్లో ఉన్నాయి. ఎలక్ట్రిక్ కార్లు దారిలోని ఎత్తుపల్లాలు లెక్కలోకి తీసుకుని గమ్యానికి చేరేసరికి ఎంత ఛార్జింగ్ మిగులుతుందో చెబుతున్నాయి. అదే తెలివిని పెట్రోలు దూరానికి వాడకపోవడానికి సాంకేతిక అడ్డంకి ఏదీ లేదు. బంకులు దగ్గర దగ్గర ఉన్నాయన్న భరోసా తప్ప.

బంకులు దగ్గర లేని దారులు మనకూ ఉన్నాయి. దోర్నాల నుంచి శ్రీశైలానికి నల్లమల అడవిలో సుమారు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. రాత్రి 9 తర్వాత అటవీ గేట్లు మూస్తారు కాబట్టి సాయంత్రం ఆ దారి పట్టినవాళ్లు ఆగకుండా పోవాలనుకుంటారు. తెర మీద 132 కనబడుతోంది, రానూపోనూ వందే కదా అనిపిస్తుంది. ఇప్పటిదాకా వచ్చిన సగటు మైలేజీ ఎంతో పక్క తెరలో చూడండి. 22 ఉందనుకుందాం. 132ను 22తో భాగిస్తే, కంప్యూటరు తన లెక్కలో పెట్టుకున్న పెట్రోలు 6 లీటర్లు. ఇప్పుడు ఆ 22ను పక్కన పడేసి, ఎక్కుడు దిగుళ్లున్న ఘాట్‌లో లీటరుకు 12 నుంచి 16 అనుకోండి. ఆరు పన్నెండ్లు 72, ఆరు పదహార్లు 96. రెండు అంచులూ వంద లోపే. దోర్నాలలోనే పోయించుకుని బయల్దేరాలి.